ఇల్లు చేరిన సారమేయము

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు మార్గమున పయనించువారికి పొలమును అడవియు పలుచోట్ల ఒకదాని నొకటి ఒరసికొని కానవచ్చును. ఒక వంక మిరప, ప్రత్తి, మొక్కజొన్న చేలు. వేఱొక వంక టేకు, ఇప్ప, తునికి, నల్లమద్ది చెట్లు. ఈ రెంటి నడుమనున్న పల్లెలలో కుక్క ఉబుసుపోకకు పెంచు జంతువు కాదు. ఇంటి పనివారిలో నొకటి. పగలు అది మేకల వెంట నడచును. రాత్రి చేని మంచె క్రింద పండుకొని కావలి కాయును. అడవిపంది చేనిలో దిగినచో మొదట పసిగట్టునది కుక్కయే. చిఱుతపులి ఊరి పొలిమేరకు వచ్చినచో మొదట ఎఱ యగునదియు తఱచుగా కుక్కయే.

ఇట్టి కాపరికి గాయములు తప్పవు. అడవిపంది కోఱ తగిలి డొక్క చీలవచ్చును. ఏదుపంది ముల్లు మూతిలో దిగవచ్చును. ఎవరో పన్నిన ఉచ్చుతీగ కాలిని కోయవచ్చును. గాయము లేకున్నను, పిల్లలు పుట్టకుండ చేయు శస్త్రచికిత్సకై కుక్కను పశువైద్యశాలకు గొనిపోవుట ఇప్పుడు పరిపాటి యైనది. వైద్యుడు మత్తుమందిచ్చి, గాయమును శుభ్రపఱచి, కుట్లు వేసి పంపును. పని ముగిసెనని ఇంటివారు తలంతురు. కాని ఇంటిలో రెండు మూడు కుక్క లున్నప్పుడు పని ముగియలేదు. వైద్యశాలలో కుట్టిన గాయము ఇంటి వాకిట విప్పుకొను సందర్భములు గలవు. అట్లేల జరుగునో తెలిసికొనుట ఈ పాఠము యొక్క ఉద్దేశము.

అడవి అంచున నొక రైతు ఇంట మూడు కుక్క లున్నవనుకొందము. ఎఱ్ఱి తల్లి, కరియ దాని కొడుకు, చుక్క యేడాది నిండని కూన. మూడును చలికాలమున ఒకే గోనెపట్టాపై ముడుచుకొని నిద్రించును. ఒకనాటి రాత్రి పందిని తఱుముచు కరియ గాయపడినది. తెల్లవాఱగనే దానిని వైద్యశాలకు చేర్చిరి. రెండు రాత్రులు గడచిన పిమ్మట, మెడకు గరాటు వంటి తొడుగుతో, డొక్కపై కుట్లతో, సాయంకాలము ఆటోలో ఇల్లు చేర్చిరి. పిల్లలు సంతోషముతో తడిక తీసిరి. చుక్క తోక యూపుచు పరుగెత్తి, నాలుగడుగుల దూరమున ఆగిపోయినది. దాని వీపుపై వెండ్రుకలు నిక్కబొడుచుకొన్నవి. కన్నతల్లి యైన ఎఱ్ఱియే గుఱ్ఱుమన్నది. కరియయు పండ్లు చూపినది. "రెండు దినములలోనే మఱచిపోయినవా?" యని ఇంటివారు విస్తుపోయిరి. యజమాని కఱ్ఱ యెత్తెను.

ఆ కుక్కలు కరియను మఱవలేదు. వచ్చినది కరియయే యని వాని కింకను తెలియలేదు. ఈ రెంటికిని గల భేదము చాల పెద్దది. ఆ భేదము తెలిసిన యజమాని కఱ్ఱ యెత్తడు.

మనుష్యుడు మనుష్యుని మొగము చూచి గుర్తించును. కుక్క కుక్కను ముఖ్యముగ వాసనచే గుర్తించును. మన ముక్కులో వాసనను గ్రహించు కణములు సుమారు 50, 60 లక్షలు మాత్రమే. కుక్కకు 20 కోట్లకు పైబడి యుండును. ఇంతేకాక, కుక్క నోటి పైకప్పునకు మీదుగా, ముక్కు అడుగున మఱియొక ఘ్రాణసాధనము గలదు. ఇట్టి అవయవమును 1813వ సంవత్సరమున డెన్మార్కు దేశపు వైద్యుడు జాకబ్సన్ జంతువులయందు వర్ణించెను. అందుచే దానికి ఆయన పేరే వచ్చినది. ఎదుటి కుక్క ఆడదో మగదో, యెదిగినదో కాదో, తెలిసినదో క్రొత్తదో వాసన వలననే కుక్క తెలిసికొనును. రెండు కుక్కలు కలిసికొన్నప్పుడు ఒకదాని వెనుకభాగమును మఱియొకటి మూచూచుట మనకు మోటుగా తోచును గాని, వాని లోకమున అదియే కుశలప్రశ్న.

ఇప్పుడు కరియ ఒంటిపై ఏ వాసన లున్నవి? స్పిరిటు వాసన, అయొడిను వాసన, మందుల వాసన, నెత్తుటి వాసన, చేతులు పెట్టిన క్రొత్త మనుష్యుల వాసన, ప్రక్క బోనులోని పరాయి కుక్కల వాసన. గోనెపట్టా వాసన, మేకల వాసన, ఎఱ్ఱి చుక్కల వాసన తుడిచిపెట్టుకొని పోయినవి. కంటికి కరియ, ముక్కునకు పరాయి. ఇద్దఱు సాక్షులు రెండు విధముల చెప్పినప్పుడు న్యాయాధిపతి తీర్పును వాయిదా వేయును గదా! చుక్క నాలుగడుగుల దూరమున ఆగుట అట్టి వాయిదాయే.

రెండవ కారణము దేహభాష. కుక్కలు తోకతో, చెవులతో, చూపుతో, నడకతో మాటలాడుకొనును. మంచి మనసుతో వచ్చు కుక్క తిన్నగా ఎదురు రాదు. కొంచెము వంపు తిరిగి ప్రక్కగా వచ్చును. మొగము ప్రక్కకు త్రిప్పును, నిద్ర రాకున్నను ఆవులించును, పెదవులు నాకికొనును. "నీతో నాకు కలహము లేదు" అని వాని యర్థము. మత్తు వదలని కుక్క ఈ భాష మాటలాడలేదు. మన దేశమున పశువైద్యులు తఱచుగా వాడు క్సైలజీన్, కెటమిన్ అను మందుల ప్రభావము కుక్క కనులు తెఱచినంతనే పూర్తిగ పోదు. కొన్ని గంటలపాటు, ఒక్కొక్కప్పుడు మఱునాటి వఱకును, అది తూలుచు నడచును. దాని చూపు నిలిచిపోయినట్లుండును. కుక్కల మర్యాదలో ఱెప్పవాల్చక చూచుట కయ్యమునకు పిలుపు. మెడతొడుగు ఈ చిక్కును మఱింత పెంచును. అది చెవులను మూయును, ప్రక్కచూపును అడ్డగించును, ఎదుటివానిని చూడవలెనన్న మొగమంతయు తిన్నగా త్రిప్పవలసి వచ్చును. ఇట్లు తన యిష్టము లేకయే రోగి సవాలు చేసినట్లగును.

మూడవది నొప్పి. కుట్లు సలుపుచున్న కుక్క తన్నెవరు తాకుదురో యని ముందే భయపడును, తాకకమునుపే గుఱ్ఱుమనును. ఆ ధ్వనికి "దూరముగ నుండుము" అని యర్థము. అది కోపముకంటె ఎక్కువగా ప్రార్థన. కాని గంతులు వేయు వయసునందున్న చుక్క వంటి కూన ఆ ప్రార్థనను వెంటనే గ్రహింపదు.

ఈ మూడు కారణములచే తోటికుక్కల నడవడి పలువిధముల నుండును. కొన్ని రోగి చుట్టు తిరిగి చాలసేపు మూచూచును. కొన్ని తొలగిపోయి మూల నక్కును. కొన్ని గుఱ్ఱుమనును; కొన్ని రోగి భుజముపై కాలు వేయును. మఱికొన్ని దాని ప్రక్కనే పండుకొని గాయమును నాకజూచును. ఒకే కుక్క ఒకే దినమున ఇవన్నియు చేయవచ్చును. కావున మొదటి గడియ చూచి "ఇది మంచిది, అది చెడ్డది" అని తీర్పు చెప్పరాదు.

కుక్కలకు తోటికుక్కలపై మమకార మున్నదా యని విద్వాంసులు పరీక్షించిరి. 2016లో వియన్నా నగరమున పరిశోధకులు పెంపుడుకుక్కలకు ధ్వనియంత్రముద్వారా కుక్కల మూలుగులను వినిపించిరి. పరాయి కుక్క మూలుగు విన్నప్పటికంటె, తమ యింటిలోనే యుండు తోడికుక్క మూలుగు విన్నప్పుడు అవి ఎక్కువ కలత చెందినవి. పిమ్మట ఆ తోడును కలిసికొన్నప్పుడు ఓదార్చునట్టి చేష్టలు చేసినవి. 2022లో ఇటలీ దేశమున వెలువడిన వేఱొక పరిశోధనలో, రెండు కుక్కలలో నొకటి మరణింపగా చూచిన 426 మంది యజమానులను ప్రశ్నించిరి. వారిలో నూటికి 86 మంది, మిగిలిన కుక్క నడవడి మాఱెనని చెప్పిరి. ఆట తగ్గినది, తిండి తగ్గినది, మనుష్యుల చెంతనే తిరుగుట ఎక్కువైనది. తోడు లేని లోటు కుక్కకు తెలియునని దీనివలన ఊహింపవచ్చును. కరియ లేని రెండు రాత్రులును ఎఱ్ఱి తడికవైపు చూచుచు పండుకొనియుండినచో వింత లేదు. అదే ఎఱ్ఱి కరియ రాగానే గుఱ్ఱుమనుటయు వింత కాదు. అది వాసనను గూర్చిన సందేహమే గాని ప్రేమ లేమి గాదు.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. "కుక్కలలో నొకటి రాజు, రాజు బలహీనుడు కాగానే తక్కినవి గద్దె లాగికొనును" అని పలువురు చెప్పుచుందురు. ఈ యభిప్రాయమునకు మూలము తోడేళ్లను గూర్చిన పాత పరిశోధనలు. 1947లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు షెంకెల్, బాసెల్ జంతుప్రదర్శనశాలయందు నిర్బంధింపబడిన తోడేళ్ల కలహములను వర్ణించెను. 1970లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మీచ్ వ్రాసిన గ్రంథము ఆ భావమును లోకమున వ్యాపింపజేసెను. కాని ఆ మీచ్ పండితుడే కెనడా ఉత్తరమున ఎల్స్‌మియర్ ద్వీపమునకు పోయి, స్వేచ్ఛగా తిరుగు తోడేళ్లను పలు వేసవులు పరిశీలించి, 1999లో వేఱు విధముగ వ్రాసెను. అడవిలోని తోడేళ్ల గుంపు సాధారణముగ తల్లి, తండ్రి, పిల్లలు గల కుటుంబమనియు, అందు గద్దెకై యుద్ధములు అరుదనియు ఆయన తేల్చెను. మన తెలుగువారు రేచుకుక్క యని పిలుచు అడవికుక్కయు గుంపుగనే జీవించును. వేటాడిన మాంసమును ముందుగ పిల్లలను తిననిచ్చును. కావున వాకిట వినవచ్చు ప్రతి గుఱ్ఱును రాజ్యవిప్లవముగ భావింపరాదు. అయితే రెండు కుక్కల నడుమ తిండికై, చోటునకై ముందే కలహ మున్నచో, రోగి బలహీనత ఆ కలహమునకు సందు ఇయ్యగలదు. అట్టి ఇంట రెట్టింపు జాగ్రత్త అవసరము.

మఱి యజమాని యేమి చేయవలెను? రోగి వచ్చు వేళకు తక్కిన కుక్కలను పెరటిలో కట్టివేయవలెను. రోగిని వేఱుగదిలోనో, వసారాలో నొక మూలనో పండుకొనబెట్టి, మొదటి రాత్రి ఒంటరిగ నుంచవలెను. మత్తు పూర్తిగ దిగువఱకు తక్కినవానిని దరిచేరనీయరాదు. కుట్లకు తగులకుండ దాని మేనును తడిబట్టతో తుడిచినచో వైద్యశాల వాసన కొంత తగ్గును. మూడు కుక్కలును పండుకొను పాత పట్టాలలో శుభ్రమైన దానిని రోగికి పఱచి, రోగి క్రిందనున్న బట్టను తక్కినవాని చెంత నుంచవలెను. ఇట్లు మనుష్యులు కలుపకముందే వాసనలు కలిసికొనును.

మఱునాడు కుక్కలను కలుపవలసినది తడిక వద్ద గాదు, తిండిపళ్లెము వద్ద అసలే కాదు. ఆరుబయట, విశాలమైన చోట కలుపవలెను. ఒక్కొక్క కుక్క త్రాటిని ఒక్కొక్క పెద్దవాడు వదులుగ పట్టుకొనవలెను. దూరమునుండి చూడనిచ్చి, పిమ్మట కొంచెము మూచూడనిచ్చి, వెంటనే అందఱును ఒకే దిక్కునకు మెల్లగ నాలుగడుగులు నడువవలెను. ఎదురెదురుగ నిలిచిన కుక్కలకు కలహము తోచును. ప్రక్కప్రక్కల నడచిన కుక్కలకు స్నేహము గుర్తు వచ్చును. తక్కిన కుక్కలను ఒక్కొక్కటిగా కలుపవలెనే గాని రెంటిని ఒక్కసారి వదలరాదు. తిండి వేఱువేఱుగ పెట్టవలెను. సామాన్యముగ కుట్లు విప్పుటకు 10 మొదలు 14 దినములు పట్టును. అంతవఱకు గంతులాటలు కూడవు. స్నేహము కుదిరినట్లు కనబడినను, మనుష్యుడు చూడనప్పుడు రోగిని వాని నడుమ విడువరాదు.

గుఱ్ఱుమన్న కుక్కను కొట్టుట పెద్ద తప్పు. గుఱ్ఱు ఒక హెచ్చరిక. హెచ్చరించినందులకు దెబ్బలు తిన్న కుక్క, మఱియొకసారి హెచ్చరింపకయే కఱచుట నేర్చుకొనవచ్చును. అంతేకాదు, రోగి సమీపమున నున్నప్పుడెల్ల దెబ్బలు పడినచో, ఆ దెబ్బలకు కారణము రోగియే యని అది తలచును. ఒక దినమున తీరిపోవలసిన సందేహము ఈ రీతిగ ఏండ్ల తరబడి పగగా మాఱును.

"కుక్క నాకినచో పుండు మానును" అను నమ్మకము కొందఱిలో గలదు. అందు గోరంత సత్యము గలదు. కుక్క లాలాజలము కొన్నివిధముల సూక్ష్మజీవులను కొంతవఱకు చంపునని 1990లో కాలిఫోర్నియా పరిశోధకులు తెలిపిరి. కాని ప్రమాదము కొండంత. గఱుకైన నాలుక కుట్లను లాగివేయును. గాయము తడిసి నానును. నోటిలోని ఇతర సూక్ష్మజీవులు లోనికి చేరును. మెడతొడుగు రోగి నాలుకను ఆపును గాని తోడికుక్క నాలుకను ఆపలేదు. కావున ప్రేమతో నాకవచ్చిన కుక్కనైనను మెల్లగ తొలగింపవలెను, కసరరాదు.

ఎంత జాగ్రత్తగ నున్నను కుక్కలు పెనగులాడవచ్చును. అప్పుడు వాని నడుమ చేయి పెట్టరాదు. పిల్లలు దూరముగ తొలగిపోయి పెద్దలను పిలువవలెను. బిందెడు నీళ్లు చల్లియో, నడుమ పలకను అడ్డుపెట్టియో పెద్దలు వానిని విడదీయుదురు. ఎవరినైన కుక్క కఱచినచో, అది తమ యింటి కుక్కయే యైనను, గాయమును సబ్బుతో పాఱు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, వెంటనే వైద్యశాలకు పోవలెను. అడవి అంచున తిరుగు కుక్కలకు నక్కలవలనను, ఇతర జంతువులవలనను పిచ్చికుక్కవ్యాధి సోకవచ్చును. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట బ్రతుకుట బహు దుర్లభము. లక్షణములకు ముందే టీకా వేసినచో ప్రాణము నిలుచును. 1885లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలునకు టీకా వేయించి కాపాడెను. కాబట్టి ఇంటి కుక్కలకు ఏటేట టీకా వేయింపవలెను. కుక్క మాటిమాటికి అకారణముగ కఱవబోయినను, చొంగ కార్చుచు మ్రింగలేకపోయినను, అది శస్త్రచికిత్స ప్రభావమేలే యని యూరకుండరాదు. దరికి పోక పశువైద్యునకు తెలుపవలెను.

ఇదే విషయము వీధికుక్కల యెడలను ఆలోచింపదగినది. మన దేశమున 2001లో కుక్కల సంతాననియంత్రణకు నియమము లేర్పడినవి. వాని స్థానమున 2023లో క్రొత్త నియమములు వచ్చినవి. వీధికుక్కను పట్టి, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, గుర్తుకై చెవికొన కత్తిరించి, కోలుకొన్న తరువాత పట్టిన చోటనే విడువవలెనని ఆ నియమములు విధించినవి. చోటు తెలిసిన కుక్కకు తోటికుక్కలును తెలియును. క్రొత్త పేటలో విడిచినచో పోరాటము తప్పదు. సొంత వీధిలో విడిచినను మొదటి గడియలో మూచూచుట, గుఱ్ఱుమనుట తప్పవు. చెవి కత్తిరింపబడి తూలుచు వచ్చిన కుక్కను తక్కినవి చుట్టుముట్టినప్పుడు బాలురు రాళ్లు విసరి కేకలు వేయుదురు. రాళ్లు పడినచో పరీక్ష పోరాటముగ మాఱును. నిశ్శబ్దముగ తొలగి నిలిచినచో తఱచుగా అవే మూచూచి, అవే శాంతించి, తమ దారిని పోవును.

కుక్కకు సారమేయమను పేరు సరమ యను దేవశునకమువలన వచ్చినది. నన్నయభట్టు రచించిన ఆదిపర్వమున ఆమె కథ గలదు. జనమేజయుడు యజ్ఞము చేయుచున్న చోట సరమ కొడుకు ఆడుకొనుచుండగా, రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడు చేసిన తప్పేమియు లేదు. సరమ రాజసభకు వచ్చి, విచారింపక దండించుట ధర్మము కాదని నిలదీసెను. వేయి సంవత్సరముల క్రిందట తెలుగున వ్రాయబడిన ఆ కథ నేటి వాకిలికిని వర్తించును. మాటలురాని జంతువు గుఱ్ఱుమన్నప్పుడు దాని ముక్కునకు తోచినదేమో, దాని మేనికి నొచ్చినదేమో యజమాని మొదట విచారింపవలెను. ఆ విచారణకు ధనము అక్కఱలేదు. పదిపండ్రెండు దినముల యోపిక చాలును. గాయమును కుట్టుట వైద్యుని విద్య. ఆ కుట్లు తెగకుండ, తోటికుక్కల పొందు చెడకుండ కాపాడుట ఇంటివారి విధి.